సీపీయూలో సున్నపు దుమ్ము

ఇదివరకు బటన్ నొక్కి సగం గ్లాసు కాఫీ తాగేసరికి తెర వెలిగేది. ఇప్పుడు కాఫీ అయిపోయి, గ్లాసు అడుగున మీగడ ఎండి, దాని మీద ఈగ వాలినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. నాగేంద్రబాబు వాటి మీంచి చూపు తిప్పుకున్నాడు. ఈగని తోలడానికి చెయ్యెత్తాడు. అది లేచి నేరుగా కీబోర్డు మీద వాలింది. అక్షరాలు అరిగిపోయి జిడ్డుదేరిన ఆ కీబోర్డు మీద వేళ్ళు పెట్టాలంటేనే అసహ్యమేసింది ఆయనకి. దాన్ని అలా చేసిన వేళ్ళూ తనవే.

కూతురు తేజశ్రీ ఇంజనీరింగులో చేరిన ఏడాది ఆ కంప్యూటర్ని గుంటూరులో కొని, దుప్పట్లలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని పర్చూరు తెచ్చారు. అప్పటి నుంచీ ఆ నల్ల పెట్టె అదే. లోపలి సరుకే మారుతూ వచ్చింది. ఒక వానాకాలం పిడుగుపాటుకి బోర్డు మాడితే కొత్తది వేశాడు. లావాటి మానిటర్ పోయి పల్చటిది వచ్చింది. ప్రాసెసర్ మారింది, ఫ్యాను మారింది. ప్రతి ముక్కా తనే అడిగి, బేరమాడి, స్క్రూడ్రైవర్ పట్టుకుని తనే బిగించాడు.

"గోడలు మార్చారు, కప్పు మార్చారు, గుమ్మం ఒక్కటే పాతది. ఇంకా పాత ఇల్లే అంటారేంటండీ" అని ఆయన భార్య సుబ్బరావమ్మ నవ్వేది.

అన్నిటికంటే పెద్ద మార్పు తేజశ్రీ చేసింది. ఉద్యోగంలో చేరి మొదటి జీతం అందుకున్న నెలలో ర్యామ్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, దానికి తగ్గ కరెంటు డబ్బా ఎస్ఎంపీఎస్, అన్నీ కొనుక్కొచ్చింది. "ఇంక పదేళ్ళు దీనికి ముసలితనం రాదు నాన్నా" అంది.

సుబ్బరావమ్మ పోయాక ఇల్లు నోరు మూసుకున్నట్టయిపోతే, ఆ పెట్టే ఆయన్ని బతికించింది. ఊళ్ళోని జూనియర్ కాలేజీలో ఆయన బోటనీ చెప్పి రిటైరయ్యాడు. ఆయన శిష్యుడు బెన్నీ ఇప్పుడక్కడే లెక్చరర్. "సార్, మీ పాఠాలు వీడియోలు చేసివ్వండి, పిల్లలకి పనికొస్తాయి" అని అతనే అడిగాడు. మిరపాకు అడుగున పత్రరంధ్రాలు ఎలా తెరుచుకుంటాయో, పత్తి గింజకి నూగు ఎలా పుడుతుందో సూక్ష్మదర్శినికి ఫోను ఆనించి తీసి, కత్తిరించి, గొంతు కలిపి పంపేవాడు. ఎండాకాలం వరకూ అంతా బాగానే సాగింది. ఆ తర్వాతే ఏదో అయింది. వీడియో సగంలో ఆగిపోయేది. చేసిన పని మాయమయ్యేది. ఒక్క క్లిక్కుకి ఎంతసేపు ఆగాలో తెలియక మళ్ళీ నొక్కేవాడు, అది ఒక్కసారిగా నాలుగు పనులు చేసి పారేసేది.

తెర వెలిగింది. నిన్నంతా కూర్చుని అతికిన పాఠం కోసం వెతికాడు. లేదు.

"మళ్ళీ పోయిందా?" కొడుకు అశోక్ బనీను మీద తువ్వాలేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బజారులో విత్తనాలు, పురుగుమందుల షాపు అతనిది. పొద్దున్నే తొందర.

"సేవ్ చేశాన్రా. నాకు బాగా గుర్తు."

"గుర్తు సంగతి నువ్వు చెప్పకు నాన్నా. మొన్న మోటరు వేసి మర్చిపోతే ట్యాంకు పొర్లి పక్కింటాళ్ళ గోడ నానింది. అదీ సేవ్ చేసే ఉంటావు."

వంటింట్లోంచి కోడలు శిల్ప గొంతు వినిపించింది. "ఆ మోటరు వేసింది మీరండి. ఆపమని మావయ్యకి చెప్పారా అంటే, చెప్పాననుకున్నా అన్నారు."

"నువ్వొకదానివి, ఆయన్ని వెనకేసుకు రావడానికి. డాక్టరు చెప్పింది విన్నావుగా."

డాక్టరు గుంటూరాయన. కాగితం మీద గడియారం బొమ్మ గీయమన్నాడు, వంద నుంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నాడు. జీవితమంతా పిల్లలకి పరీక్షలు పెట్టిన మనిషి గడియారం ముల్లు గీయబోయి ఆగిపోయాడు. "మతిమరుపు జబ్బు మొదటి దశ కావచ్చు, దసరా తర్వాత మళ్ళీ చూద్దాం" అన్నాడాయన. ఆ రోజు నుంచి స్కూటర్ తాళాలు అశోక్ బీరువాలోకి వెళ్ళాయి. కుళాయి కట్టేశాక కూడా నాగేంద్రబాబు వెనక్కి వచ్చి చూసుకోవడం మొదలుపెట్టాడు. అలా చూసుకునే తన మీద తనకే రోత పుట్టింది.

ఆ సంగతి తెలిసి తేజశ్రీ పిడుగురాళ్ళలోని అత్తారింటి నుంచి ఫోన్ చేసింది. "నాన్నా, నేను..." అని మొదలుపెట్టి ఆపేసింది. తర్వాత, "వయసు కదా నాన్నా. ఒప్పుకోవాలి" అంది. కూతురు కూడా ఆ మాట అన్నాక ఇంక వాదించడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు.

తొమ్మిదింటికి బెన్నీ ఫోను. "సార్, సెలవులయ్యాక కొత్త మేడమ్ వీడియోలు చేస్తానన్నారు. మీకు శ్రమెందుకని..." ఆ కుర్రాడు ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగానూ చెప్పాడు. ఆ మెత్తదనానికి మనసులో దణ్ణం పెట్టుకుని, "మంచిదయ్యా" అన్నాడు నాగేంద్రబాబు. ఫోను పెట్టేశాక నోరు చేదుగా ఉంది.

ఆయుధ పూజ ఇంకా రెండు రోజులుంది. ఏటా పూజకి ముందు సీపీయూ విప్పి దులపడం ఆ ఇంట్లో ఆచారం. అశోక్ షాపులో కాటాకీ, స్ప్రేయర్లకీ బొట్టు పెట్టినట్టే దీనికీ పసుపు రాసి బొట్టు పెడతారు. కానీ అసలు వేడుక దులపడంలోనే ఉంది. కంప్యూటర్ గది కిటికీ వెనకవైపు మిరప కల్లంలోకి తెరుచుకుంటుంది. మాఘం నుంచి చైత్రం దాకా అక్కడ కాయలు ఎండుతుంటే సీపీయూ ఫ్యాను ఆ కారాన్ని గాలితోపాటు లోపలికి లాగుతుంది. బ్లోవర్ పెట్టగానే ఎర్రటి పొగ లేచి ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. సుబ్బరావమ్మ దానికి తుమ్ముల పండగని పేరు పెట్టింది. మొదట తుమ్మినవాళ్ళకి మొదటి బొబ్బట్టు.

అశోక్ షాపుకి వెళ్ళాక నాగేంద్రబాబు పెట్టెని వెనక వసారాలోకి తెచ్చాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని పక్క రేకు తీశాడు.

లోపల చూసి మొహం తిప్పుకున్నాడు. మూల చచ్చిన బల్లిపిల్ల కాగితంలా ఎండి అంటుకుపోయి ఉంది. వైర్ల మధ్య బొద్దింక రెట్టలు, తెగిపడిన కాళ్ళు, ఎండు గుడ్ల తొడుగులు. పుల్లతో బల్లిని గీకుతుంటే దాని తోక ఊడి ఆయన పాదం మీద పడింది. ఒళ్ళు జలదరించింది. ఇంత మురికిని పక్కన పెట్టుకుని రోజూ కాఫీ తాగానా అనుకున్నాడు.

శిల్ప పమిటతో ముక్కు మూసుకుని గుమ్మంలో సిద్ధంగా నిలబడింది. "కానివ్వండి మావయ్యా. ఈసారి మొదటి తుమ్ము నాదే."

బ్లోవర్ మూతిని కరెంటు డబ్బా చిల్లులకి ఆనించి నొక్కాడు. అవతలి వైపు నుంచి పొగ లేచింది.

తెల్లటి పొగ.

వసారా అంతా పిండి చల్లినట్టయింది. ఎవరికీ తుమ్ము రాలేదు. శిల్ప పమిట తీసి గాలి పీల్చి చూసింది. "ఇదేంటి మావయ్యా, కారం ఏది?"

ఆయన ర్యామ్ ముక్క ఊడదీసి కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఇది తనది కాదు. తనవి రెండుండేవి, ఇది ఒక్కటే, దాని మీద జీబీల అంకె కూడా చిన్నది. గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిన చోట ఖాళీ. ఎస్ఎస్‌డీ లేదు, దాని బదులు ఇటుకలాంటి పాత హార్డ్ డిస్కు కూర్చుంది.

మొదట ఆయనకి తట్టింది దొంగతనం కాదు. నేనే మార్చి మర్చిపోయానా అనుకున్నాడు. ఆ ముక్క పట్టుకునే అరుగు మీద కూర్చున్నాడు. ఇంత పని చేసి మర్చిపోయానంటే ఇంక నాలో ఏం మిగిలినట్టు?

అలా కూర్చుని, చేతికంటిన తెల్ల దుమ్మును చూశాడు. వేళ్ళ మధ్య రాస్తే ముగ్గుపిండిలా జారింది. చెంబులోంచి ఒక చుక్క నీళ్ళు వేసి నలిపాడు. తమలపాకుకి రాసే సున్నంలా ముద్దయింది. మనిషి మర్చిపోవచ్చు. మిరప కల్లం పక్కనున్న పెట్టెలోకి సున్నం దానంతటది రాదు. ఈ ఇంటికి సున్నపు బట్టీల ఊరితో ఉన్న చుట్టరికం ఒక్కటే, పిడుగురాళ్ళలో తేజశ్రీ అత్తారిల్లు.

శిల్పకీ అర్థమైంది. ఆమె గొంతు తగ్గించింది. "మొన్న ఎండాకాలం తేజ వచ్చినప్పుడు ఒక సంచీ ఉండేది. ఎత్తి లోపల పెడదామంటే ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

ఆయనకీ గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం తేజ, "నువ్వు పడుకో నాన్నా, నేను దులిపి పెడతా" అంది. ఆయన హాయిగా నిద్రపోయాడు. లేచాక బెన్నీకి ఫోన్ చేసి, "మా అమ్మాయి వచ్చి సీపీయూ అంతా శుభ్రం చేసింది" అని గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. బల్లి తోక పడిన పాదం కడుక్కున్నాడు. ఆ బల్లీ ఆ బొద్దింకలూ ఇప్పుడు ఆయనకి అంత రోతగా అనిపించలేదు. వస్తువు తీసుకెళ్ళడం కూడా కాదు. తీసుకెళ్ళిన మనిషే ఫోన్లో "వయసు కదా నాన్నా" అంది చూడు, అది గొంతులో వెంట్రుకలా అడ్డం పడి ఎంత పుక్కిలించినా పోలేదు.

"మీ అబ్బాయికి ఫోన్ చేస్తా" అంది శిల్ప. ఆమె మొహం ఎర్రబడింది. "ఏం మనుషులండీ. అన్నం తినే నోటితో అనే మాటేనా అది? మిమ్మల్ని డాక్టర్ల చుట్టూ తిప్పుతుంటే చూస్తూ ఊరుకుందా?"

"ఇప్పుడే వద్దమ్మా."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?"

"రేపు పిడుగురాళ్ళ వెళ్తాను. దాని మొహం చూసి అడగాలి."

ఆమె కాసేపటికి వేడి కాఫీ తెచ్చి, కంప్యూటర్ దగ్గర కాకుండా, మల్లెపొద పక్కన అరుగు మీద పెట్టింది. నిమిషం ఆగి గ్లాసు మీద మూత కూడా పెట్టి వెళ్ళింది.

మర్నాడు పొద్దున అశోక్ అడ్డం తిరిగాడు. "ఒక్కడివే వెళ్తావా? రెండు బస్సులు మారాలి. దారి తప్పితే నిన్నెక్కడ వెతకమంటావు? పండగెళ్ళాక నేనే తీసుకెళ్తా."

"చిలకలూరిపేటలో ఒకటి, నరసరావుపేటలో ఒకటి. రెండూ గుర్తున్నాయి" అన్నాడు నాగేంద్రబాబు. చొక్కా జేబులో చేతిరుమాలుకి చుట్టిన ర్యామ్ ముక్క ఉంది.

"గుర్తుంటాయి, ఎక్కేదాకా గుర్తుంటాయి."

"మావయ్య వెళ్తారు" అంది శిల్ప. ఆ గొంతు విని అశోక్ భార్యకేసి వింతగా చూసి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన కూర్చున్న ముసలమ్మ ఆయన భుజం మీదకి ఒరిగి నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు. ఈ మధ్య తనని నమ్మి ఒరిగిన మనిషి ఆమె ఒక్కతే అనిపించింది. పత్తిచేలు వెనక్కి పోతుంటే మనసులో మాటలు వరస పెట్టుకున్నాడు. అల్లుడి ముందే, వియ్యపురాలి ముందే ఆ ముక్క తీసి బల్ల మీద పెట్టాలి. ఇది ఎవరిదమ్మా అని అడగాలి. నలుగురిలో తన బుర్ర పోయిందన్నారు, నలుగురిలోనే తేలాలి.

పిడుగురాళ్ళలో ఆటో దిగేసరికి చెట్ల ఆకుల మీద కూడా సున్నం పొర ఉంది. తేజశ్రీ వాళ్ళ జామచెట్టు ముసలిదానిలా నెరిసి నిలబడి ఉంది. అల్లుడు కోటేష్ ఎదురొచ్చి సంచీ అందుకున్నాడు. మనిషి సన్నబడ్డాడు.

"రండి మావయ్యగారూ. ఫోన్ చేస్తే బస్టాండుకి వచ్చేవాణ్ణిగా."

"పండగ కదా బాబూ, చూసిపోదామని."

తేజశ్రీ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. తండ్రి మొహంలోకి చూడలేదు. ఆయన గ్లాసు అందుకుని పక్కన పెట్టేశాడు. ఆ చేత్తో ఇచ్చిన నీళ్ళు గొంతు దిగేలా లేవు.

వసారాలో ఆమె కంప్యూటర్ అప్పటికే రేకు విప్పి ఉంది. వాళ్ళదీ ఆయుధ పూజే. లారీ టైర్లకి గాలి కొట్టే గొట్టం పట్టుకుని కోటేష్ గొంతుక్కూర్చున్నాడు. వియ్యపురాలు వెంకాయమ్మ మంచం మీద కూర్చుని పూజకి చింతపండుతో ఇత్తడి కుందులు తోముతోంది.

"మా సున్నపు బట్టీ ఆగిపోయిందండి" అన్నాడు కోటేష్, అడక్కుండానే. "నేను కిరాయి లారీ తోలుతున్నా. ఇల్లు నడిచేది మాత్రం దీని మీదే. కట్టబోయే ఇళ్ళకి ముందు భాగం బొమ్మలు గీసిస్తుంది తేజ. గుంటూరు బిల్డర్లంతా ఈవిడకే పంపుతున్నారు. మిషన్ చూడండి, ఎంత పెద్ద బొమ్మైనా ఆగదు. హైదరాబాదు స్నేహితురాలి దగ్గర సెకండ్ హ్యాండులో ముక్కలు తెప్పించిందిట. అదృష్టం."

"ఇవాళ వద్దులెండి" అంది తేజశ్రీ వెనక నుంచి. "దులిపింది మొన్నేగా."

"పండగకి దులపకపోతే ఎట్లా?" అని కోటేష్ గొట్టం మూతి కరెంటు డబ్బాకి ఆనించాడు.

ఎర్రటి పొగ లేచింది. కళ్ళు మూసుకునేలోపే వసారా నిండిపోయింది. కోటేష్ వరసపెట్టి తుమ్ముతూ గొట్టం వదిలేశాడు. వెంకాయమ్మ దగ్గుతూ, "ఎవరే తాలింపు మాడబెట్టింది? పొయ్యి కట్టెయ్యండే" అని కేకేసింది. నాగేంద్రబాబు కూడా తుమ్మాడు. ఆ ఘాటు ఆయనకి తెలుసు. ఎన్ని దసరాల నుంచో తెలుసు. సుబ్బరావమ్మ ఉండగా పీల్చిన ఘాటు అది.

కోటేష్ కళ్ళు తుడుచుకుని డబ్బా మీద వేలు రాసి చూశాడు. "కారమండీ ఇది. ఈ ఊళ్ళో నోట్లోకి సున్నం తప్ప ఏముంది? హైదరాబాదు డబ్బాలోకి ఎండుమిరప్పొడి ఎట్లా వచ్చింది తేజా?"

తేజశ్రీ చూపు తండ్రి జేబు మీదకి వచ్చి ఆగింది. చేతిరుమాలు ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

అడగాల్సిన సమయం అదే. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా. కోటేష్ మొహం చూశాడు. భార్య గొప్ప గురించి ఇంతసేపు చెప్పిన ఆ మొహంలో అనుమానం ఇంకా పూర్తిగా దిగలేదు, గుమ్మంలోనే ఉంది. వెంకాయమ్మ కుందులు తోమడం ఆపి చెవి ఇటు వేసింది. తేజ పుట్టింట్లో ఏం చేసిందో ఒక్కసారి ఈ వసారాలో పడితే, రేపటి నుంచి ప్రతి పూటా అన్నంతోపాటు అదీ వడ్డిస్తారు.

ఆయన చెయ్యి కిందికి దించాడు.

"నేనే ఇచ్చాను బాబూ" అన్నాడు. "మా ఇంటి వెనక కల్లముంది కదా, ఆ కారం. పుట్టింటి నుంచి తెచ్చుకున్నానంటే మీరేమనుకుంటారో అని ఈ పిచ్చిది స్నేహితురాలి పేరు చెప్పి ఉంటుంది."

"అదా సంగతి" అని వెంకాయమ్మ మళ్ళీ కుంది అందుకుంది. "అనుకోడానికేముంది అన్నయ్యగారూ. ఆడపిల్లకి పెట్టుకున్నారు. కాస్త కడిగి పెడితే సరిపోయేది."

కోటేష్ తలకాయ గోక్కున్నాడు. "చెప్పొచ్చుగా. నేనేమన్నా తినేస్తానా?" అంటూ మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు.

అబద్ధం చెప్పినందుకు నాగేంద్రబాబుకి తేలికగా ఏమీ అనిపించలేదు. నోట్లో అదే చేదు. లేచి పెరట్లోకి నడిచాడు. తేజశ్రీ వెనకే వచ్చింది. జామచెట్టు కింద ఆగి ఆయన రుమాలు విప్పి ఆ ముక్క ఆమె చేతిలో పెట్టాడు.

"నీ సున్నం నీకు తెచ్చిచ్చాను."

"నాన్నా..."

"అసహ్యమేసిందే. నీ మీద నాకు ఆ మాట వాడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. అడిగితే ఇవ్వనా?"

"అడిగితే ఎందుకని అడుగుతావు. మా ఇల్లు గడవట్లేదని చెప్పాలి. అన్నయ్యకి తెలుస్తుంది, వదినకి తెలుస్తుంది. మీరు ఈయన్ని చూసే చూపు మారిపోతుంది." ఆమె చెట్టు బెరడు గిల్లుతోంది. "నేను కొన్నవేగా అనుకున్నా. నువ్వు పాటలు వింటావు, వార్తలు చూస్తావు, దానికి నా పాతవి చాలనుకున్నా. నీ ఫైళ్ళు తెరవకుండా మొత్తంగా పాత డిస్కులోకి ఎక్కించేశా, పాఠాలు చేస్తున్నావని నాకు తెలీదు నాన్నా. ఒట్టు."

"తెలీదు, ఒప్పుకుంటా. నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారని తెలిసింది కదా. అప్పుడు?"

ఆమె గిల్లిన బెరడు ముక్క ఊడి కింద పడింది.

"గడియారం బొమ్మ గీయించారు నాతో. ముల్లు ఎటు పెట్టాలో ఒక్క క్షణం తోచలేదు, భయానికి. స్కూటర్ తాళాలు తీసేసుకున్నారు. కుళాయి కట్టేసి మళ్ళీ వచ్చి చూసుకుంటున్నా. కాలేజీవాళ్ళు వద్దన్నారు. ఇవన్నీ ఎందుకో ఈ లోకంలో తెలిసినదానివి నువ్వొక్కదానివి. నువ్వు ఫోన్లో ఏమన్నావు?"

"నాన్నా, వద్దు."

"ఏమన్నావో నీ నోటితో చెప్పు."

"వయసు కదా అన్నా." అని తేజశ్రీ నేల మీద కూర్చుండిపోయింది. "చెప్పాలనే చేశా ఆ ఫోను. నోరు పెగల్లేదు. ఆ మాట వచ్చింది. అన్నాక నా నోరు నాకే కంపు కొట్టింది. అప్పట్నుంచీ అన్నం సయించట్లేదు నాన్నా. ఆ మిషన్ మీద చెయ్యి వేస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అయినా వేస్తున్నా, వేయక తప్పదు. ఇప్పుడే అన్నీ ఊడదీసి ఇచ్చేస్తా. తీసుకెళ్ళు."

ఆమె ఏడుస్తుంటే ఆయన నిలబడే ఉన్నాడు. ఆమె అరచేతులు ఎర్రగా ఉన్నాయి, వసారాలో రాలిన కారం అంటి. ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకోబోతుంటే మణికట్టు పట్టుకుని ఆపాడు. "కళ్ళల్లో పెట్టుకోకు, మంటెత్తుతుంది." అన్నాక కోపం వదిలిపోయిందేమోనని లోపల వెతుక్కున్నాడు. పోలేదు. కానీ ఆ చెయ్యి వదలబుద్ధి కాలేదు.

ఆ కోపం వెనక ఇంకొకటి కనిపించింది ఆయనకి. మిషన్ ఆగినప్పుడు ఒక్కసారైనా రేకు విప్పి చూడాలని ఎందుకు తోచలేదు? ముక్క ముక్కా తన చేత్తో బిగించిన మనిషి, ఇది పాడైందేమో అనుకోలేదు. తనే పాడయ్యాననుకున్నాడు. ఎవరో ఒకరు వయసు అనగానే ఎంత తొందరగా తనని తను ఆ మూలకి తోసేసుకున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. ఇది కారం వల్ల కాదని ఆయనకి తెలుసు.

"ముక్కలు ఊడదీయకు" అన్నాడు. "దాని మీద నీ ఇంట్లో అన్నం ఉడుకుతోంది. అవి నువ్వే ఉంచుకో. నా బుర్ర నాకిచ్చెయ్ తల్లీ. అదొక్కటే అడగడానికి వచ్చాను."

ఆమె తలెత్తి చూసింది. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోను తీసి అన్నయ్య నంబరు నొక్కి, ఇద్దరికీ వినపడేలా పెట్టింది.

"అన్నయ్యా, నాన్నకి ఏం కాలేదు" అంది. మొదటి మాటే అది. మిగతాదంతా ఏడుపులోనే చెప్పింది, ఒక్కటీ దాచకుండా. అవతల అశోక్ మొదట, "సిగ్గు లేదటే నీకు" అన్నాడు. షాపులో ఎవరో మందు డబ్బా ధర అడుగుతున్నారు. అతను వాళ్ళని ఆగమన్నాడు.

చివరికి, "నాన్న పక్కనున్నాడా?" అన్నాడు.

"ఉన్నారు."

"నాన్నా, ఆ మోటరు వేసింది నేనే" అన్నాడు అశోక్. గొంతు చిన్నగా ఉంది. "నాకు ఆ రోజే తెలుసు. నీ మీదకి తోసేశా. తేలిగ్గా ఉందని." ఫోను పెట్టేశాడు.

లోపలికొచ్చాక, వసారాలో పక్కన పెట్టేసిన గ్లాసు అలాగే ఉంది. నీళ్ళ మీద సన్నగా ఎర్రపొర. తేజశ్రీ గబగబా పారబోసి కొత్త నీళ్ళు తెచ్చింది. నాగేంద్రబాబు ఆ గ్లాసు పూర్తిగా తాగి, "ఇంకో గ్లాసియ్యి" అన్నాడు.

సాయంత్రం పర్చూరులో బస్సు దిగేసరికి అశోక్ స్కూటర్ వేసుకుని నిలబడి ఉన్నాడు. హ్యాండిల్‌కి ఒక చిన్న అట్టపెట్టె వేలాడుతోంది. ఏంటని ఆయన అడగలేదు, దాని మీద బొమ్మ చూస్తే తెలుస్తూనే ఉంది, కొత్త ర్యామ్. తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అశోక్ తాళంచెవి బండికే ఉంచి, వెనక సీటు వైపు జరిగాడు.

"నువ్వు నడుపు నాన్నా" అన్నాడు.

నాగేంద్రబాబు ఎక్కి కూర్చుని బండి కదిలించాడు. మొదట కొంచెం ఊగింది, బజారు దాటేసరికి కుదురుకుంది. వెనక అశోక్ ఉన్నట్టుండి తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు.

"ఏంటి నాన్నా ఇది, నీ చొక్కా నిండా కారం."

"తుమ్మావుగా" అన్నాడు నాగేంద్రబాబు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఈ ఏడు మొదటి బొబ్బట్టు నీదే."